శ్రీకాకుళం నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టే పద్ధతి

"డల్లాస్ ఎంత దూరం?" అని అడిగితే అయిదు జవాబులు వస్తాయి. అయిదూ నిజమే. భూగోళం మీద విశాఖ నుంచి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. హైదరాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ విమానం మారుతూ వెళ్తే దాదాపు 16,000. గాల్లో గడిపేది 21 గంటల పైచిలుకు. శ్రీకాకుళంలో ఇంటి గడప దాటినప్పటి నుంచి అక్కడ విమానాశ్రయం బయటికి వచ్చే దాకా 35 గంటలు. రెండు ఊళ్ల గోడ గడియారాలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఈ మధ్యాహ్నం బయలుదేరినవాళ్లు రేపు మధ్యాహ్నానికల్లా చేరిపోయినట్టుంటుంది.

వీటిని ఒకదానితో ఒకటి కలిపేసుకోవడం వల్లే పొరపాట్లు జరుగుతాయి. కనెక్షన్ విమానం తప్పిపోతుంది, తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఒకరోజు ముందో వెనకో వస్తారు. కాబట్టి దూరం, గాల్లో సమయం, గడియారం తేడా, నేల మీద పట్టే సమయం, ఈ నాలుగింటినీ విడివిడిగా లెక్కవేసి చివర్లో కలపాలి. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందుగా దూరం

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రెండు దశాంశ స్థానాలు సరిపోతాయి, ఎందుకంటే 0.01 డిగ్రీ అంటే కిలోమీటరు పైన కాస్త. మనవాళ్లకు తరచూ అవసరపడేవి ఇవి:

విశాఖపట్నం: 17.72 ఉత్తరం, 83.22 తూర్పు
హైదరాబాద్ (శంషాబాద్): 17.24 ఉత్తరం, 78.43 తూర్పు
దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
సింగపూర్ (చాంగీ): 1.36 ఉత్తరం, 103.99 తూర్పు
న్యూయార్క్ (జేఎఫ్‌కే): 40.64 ఉత్తరం, 73.78 పడమర
డల్లాస్ (డీఎఫ్‌డబ్ల్యూ): 32.90 ఉత్తరం, 97.04 పడమర
శాన్‌ఫ్రాన్సిస్కో: 37.62 ఉత్తరం, 122.38 పడమర

విశాఖకు బదులు కొత్త భోగాపురం విమానాశ్రయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఈ పెద్ద దూరాల్లో తేడా కొద్ది పదుల కిలోమీటర్లే. అది మార్చేది గాల్లో సమయాన్ని కాదు, మీ రోడ్డు ప్రయాణాన్ని. ఆ సంగతి కింద ఉంది.

ఇక లెక్క. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే కాలిక్యులేటర్‌లో సైన్, కాస్ మీటలు వస్తాయి. అన్నిటికంటే ముందు అది డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూడండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. మైనస్ 0.988 వచ్చిందంటే రేడియన్లలో ఉందని అర్థం, మార్చండి. ఈ లెక్కలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

తర్వాత వరుసగా:

1. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించి రాసుకోండి.
2. రెండు అక్షాంశాల కాస్‌లను గుణించండి. దాన్ని రేఖాంశాల తేడా కాస్‌తో మళ్లీ గుణించండి.
3. ఆ రెండు ఫలితాలూ కూడండి.
4. మొత్తానికి ఇన్వర్స్ కాస్ (కాలిక్యులేటర్ మీద cos⁻¹ మీట) తీయండి. భూమి కేంద్రం నుంచి చూస్తే ఆ రెండు ఊళ్ల మధ్య ఎన్ని డిగ్రీల కోణం ఉందో తెలుస్తుంది.
5. ఆ కోణాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు.

విశాఖ నుంచి సింగపూర్‌కు చేసి చూద్దాం. సైన్ 17.72 అంటే 0.3044, సైన్ 1.36 అంటే 0.0237, లబ్ధం 0.0072. కాస్ 17.72 అంటే 0.9526, కాస్ 1.36 అంటే 0.9997, లబ్ధం 0.9523. రేఖాంశాల తేడా 103.99 లోంచి 83.22 పోగా 20.77, దాని కాస్ 0.9350. 0.9523ను దీనితో గుణిస్తే 0.8904. దానికి 0.0072 కలిపితే 0.8976. ఇన్వర్స్ కాస్ 26.15 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 2,908 కిలోమీటర్లు.

ఇదే పద్ధతిలో దుబాయ్‌కి 2,995 వస్తుంది. అంటే విశాఖ నుంచి తూర్పున సింగపూర్, పడమట దుబాయ్ ఇంచుమించు సమాన దూరంలో ఉన్నాయి. గల్ఫ్ దగ్గర, సింగపూర్ దూరం అనుకునేవాళ్లకు ఇది కాస్త వింతగా ఉంటుంది.

పడమర రేఖాంశాలను మైనస్‌గా తీసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోకు తేడా 83.22, 122.38ల మొత్తం, అంటే 205.60. 180 దాటితే 360 లోంచి తీసేయండి, 154.40 అవుతుంది. తీసేయకపోయినా కాస్ విలువ మారదు గానీ, మైనస్ గుర్తు మరిచి 122.38 లోంచి 83.22 తీసేస్తే మాత్రం లెక్క మొత్తం పోతుంది. సరిగ్గా చేస్తే 13,300 కిలోమీటర్లు వస్తుంది.

ఇప్పుడు న్యూయార్క్‌కు చేయండి. 13,100! అమెరికా తూర్పు తీరానికీ పశ్చిమ తీరానికీ మధ్య దాదాపు 4,000 కిలోమీటర్లున్నా, విశాఖ నుంచి మాత్రం రెండూ ఒకే దూరం. కారణం, మన దగ్గరి దారి ఆ దేశానికి పక్క నుంచి కాదు, ఉత్తర ధ్రువం వైపు నుంచి వెళ్తుంది. గోడకు తగిలించిన ప్రపంచ పటం చూస్తూ ఈ సంగతి ఎప్పటికీ తట్టదు. ఆ పటం ధ్రువాల దగ్గర ప్రదేశాలను సాగదీసి చూపిస్తుంది, దాని మీద స్కేలు పెట్టి దూరం కొలవకూడదు.

డల్లాస్‌కైతే సైన్, కాస్ అవసరమే లేదు. విశాఖ రేఖాంశం 83.22, డల్లాస్‌ది 97.04. కూడితే 180.26. అంటే విశాఖ మీదుగా ఉత్తరానికి వెళ్లే రేఖ ధ్రువం దాటి అవతలికి దిగితే, అది దాదాపు డల్లాస్ మీదుగానే పోతుంది. కాబట్టి విశాఖ నుంచి ధ్రువానికి 90 లోంచి 17.72 పోగా 72.28 డిగ్రీలు, ధ్రువం నుంచి డల్లాస్‌కు 90 లోంచి 32.90 పోగా 57.10. మొత్తం 129.38. 111.2తో గుణిస్తే 14,387 కిలోమీటర్లు. ఎనిమిదో తరగతి పిల్లలకు భూగోళం పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉత్తరాంధ్రలో దొరకదు.

గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వంటి సాధనాల్లో ఇదే దూరం 14,400 దగ్గర కనిపిస్తుంది. ఆ తేడా మీ తప్పు కాదు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. మన లెక్క దాన్ని నిండు గుండ్రంగా తీసుకుంటుంది. ఈ కారణంగా వచ్చే తేడా నూటికి అరవంతు దాటదు. విమాన సమయంలోకి మారిస్తే నాలుగైదు నిమిషాలు.

అక్షాంశాలు దాదాపు ఒకటే అయితే ఇంకా సులువు. మన అక్షాంశం దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ అంటే 106 కిలోమీటర్లు. విశాఖకూ శంషాబాద్‌కూ తేడా 4.79 డిగ్రీలు, కాబట్టి 508. అక్షాంశంలో ఉన్న కొద్ది తేడాను కూడా కలిపితే 511. ఇలాంటి చిన్న దూరాలకు పై సూత్రం కంటే ఇదే నయం. చిన్న కోణాల కాస్‌లు 1కి మరీ దగ్గరగా ఉంటాయి. నాలుగు దశాంశాలకు కుదించి రాసుకుంటే నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది.

సరిచూసుకోవడానికి గ్లోబు, దారం చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఒక సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. దారాన్ని రెండు ఊళ్ల మధ్య బిగువుగా లాగి పట్టుకుని, దాని పొడవును స్కేలు మీద కొలవండి. సింగపూర్‌కు 6.8 సెంటీమీటర్లు, డల్లాస్‌కు దాదాపు 34 రావాలి. దారం తనంతట తానే దగ్గరి దారిలోకి జారుతుంది, మీరు దాన్ని వంచనక్కర్లేదు.

తప్పు పట్టుకునే గుర్తులు మరికొన్ని. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా 20,015 కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం ఉండదు, అంతకు మించి వస్తే లెక్క తప్పు. డిగ్రీలు, నిమిషాల్లో ఇచ్చిన స్థానాన్ని అలాగే దశాంశంగా రాయకండి. విశాఖది 17 డిగ్రీల 43 నిమిషాలు, అంటే 17.43 కాదు, 43ను 60తో భాగించగా 17.72. ఇక కొలతలు: పైలట్లు వాడేది నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. అమెరికావాళ్ల మామూలు మైలు 1.609. "8,000 మైళ్లు" అని ఎవరైనా చెబితే ఏ మైలో అడగాలి, తేడా దాదాపు రెండు వేల కిలోమీటర్లు.

విమానాశ్రయం పేరు కూడా నిదానంగా చదవండి. డల్లాస్‌లో డీఎఫ్‌డబ్ల్యూ కాక లవ్ ఫీల్డ్ ఉంది. దుబాయ్‌లో పాతది కాక అల్ మక్తూమ్ ఉంది. న్యూయార్క్ ప్రయాణికులను జేఎఫ్‌కే, లాగార్డియా, పక్క రాష్ట్రంలోని నెవార్క్ పంచుకుంటాయి. శాన్‌హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అలబామాలో ఒకటి. ఊరి పేరును కాక టికెట్ మీది మూడక్షరాల కోడ్‌ను నమ్మండి.

కిలోమీటర్లను గంటలుగా మార్చడం

విశాఖ నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి దుబాయ్ వంటి దారుల్లో ఎక్కువగా తిరిగేవి ఎయిర్‌బస్ 320 తరహా చిన్న జెట్లు. దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ 350 వంటి పెద్దవాటికి 900తో భాగించి అరగంట కలపండి. ఆ అరగంట విమానం రన్‌వే దాకా నేల మీద సాగడానికి, పైకెక్కడానికి, దిగేముందు నెమ్మదించడానికి.

ఈ లెక్కన హైదరాబాద్‌కు గంటా ఆరు నిమిషాలు. టైమ్‌టేబుల్‌లో గంటా పావు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,546 కిలోమీటర్లు. మూడున్నర గంటలు రావాలి, టికెట్ మీద నాలుగు గంటలకు దగ్గరగా ఉంటుంది. విమాన సంస్థలు గేటు నుంచి గేటుకు సమయం రాస్తాయి, రద్దీకి కాస్త సందు కూడా వదులుతాయి. విమానం "ముందే వచ్చేసింది" అని ప్రకటించేది చాలాసార్లు ఈ సందు మిగిలినప్పుడే.

దూరం పెరిగేకొద్దీ గాలి ప్రభావం పెరుగుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్ 12,900 కిలోమీటర్ల పైన. 900తో భాగిస్తే అరగంటతో కలిపి 14 గంటల 50 నిమిషాలు. అసలు వెళ్లేటప్పుడు పట్టేది 16 గంటలు. ఎదురుగాలి సగటున గంటకు 60 కిలోమీటర్లు ఉందనుకోండి: విమానం నేల మీద 840 వేగంతోనే సాగుతుంది, 12,919ని 840తో భాగించి అరగంట కలిపితే 15 గంటల 53 నిమిషాలు. అక్కడ పోయిన గంట ఇదే. తిరుగు ప్రయాణంలో గాలి తోడవుతుంది, గంటకు పైగా తగ్గుతుంది. అందుకే రానుపోను సమయాలు ఒకటి కావు. "వెళ్లేటప్పుడు పదహారైతే వచ్చేటప్పుడూ పదహారే" అని ఇంట్లో చెప్పి ఉంచకండి.

ఉత్తర భారతం మీద చలికాలంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన జెట్ ప్రవాహం, అంటే బాగా ఎత్తున వేగంగా సాగే గాలి, వీస్తుంది. మన దక్షిణాదిన వానాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: తూర్పు నుంచి పడమరకు వీచే ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం. దాన్ని వర్ణించి లోకానికి తెలియజేసింది 1950లలో మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. అది బలంగా ఉండేది విమానాలు ఎగిరే 10–12 కిలోమీటర్ల ఎత్తుకు ఇంకా పైన. అయినా జులై, ఆగస్టుల్లో దక్షిణాది నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాలకు దాని అంచు కాస్త సాయపడుతుంది.

దగ్గరి దారే త్వరగా చేరే దారి కానక్కర్లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. తోకగాలి దొరకడంతో సమయం మాత్రం తగ్గింది.

దారులు మూసుకుపోతే దీనికి తలకిందులు. 2022 నుంచి రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా సంస్థలకు మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత సంస్థలకు మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. విశాఖ, హైదరాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు వెళ్లే దారి అరేబియా సముద్రం మీదుగా ఉంటుంది కాబట్టి పాకిస్తాన్ నిర్ణయం దాన్ని అంతగా తాకదు. ఢిల్లీ మీదుగా టికెట్ కొంటుంటే మాత్రం, పాత అనుభవంతో కాకుండా గడచిన వారం రోజుల అసలు సమయాలు చూసి కొనండి. ఫ్లైట్‌రాడార్24 అనే వెబ్‌సైట్‌లో విమానం నంబరు కొడితే రోజువారీగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది కనిపిస్తుంది. ఏడు రోజులవి రాసుకుని, వాటిలో అన్నిటికంటే ఆలస్యమైనదాన్ని మీ లెక్కకు తీసుకోండి. సగటు పనికిరాదు, కనెక్షన్ తప్పేది సగటు రోజున కాదు.

విశాఖ నుంచి అమెరికాకు నేరుగా ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కిలోమీటర్ల పైన ఆగకుండా ఎగురుతోంది కాబట్టి 14,400 అసాధ్యమేమీ కాదు. అంత దూరం పోయే విమానాన్ని రోజూ నింపగలిగినంతమంది ఒకే ఊరి నుంచి దొరకాలి, చిక్కల్లా అక్కడే. విమానాలు మారడం వల్ల పెరిగే దూరం నిజానికి పెద్దది కాదు: 511, 2,546, 12,919 కలిపితే 15,976. దగ్గరి దారి కంటే నూటికి పదకొండు వంతులు ఎక్కువ, అంతే. సమయాన్ని తినేవి మధ్యలో ఆగే గంటలు.

గడియారం

చేరే సమయం లోంచి బయలుదేరే సమయం తీసేస్తే ప్రయాణ సమయం రాదు, ఎందుకంటే టికెట్ మీద రెండూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. రెండింటినీ మన సమయంలోకి మార్చి ఆ తర్వాత తీసేయండి.

యూఏఈ, ఒమన్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. ఇవి ఏడాది పొడవునా మారవు.

మారేవి అమెరికా, బ్రిటన్‌వి. డల్లాస్ చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు వెనక, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు. న్యూయార్క్‌కు ఒక గంట తక్కువ, శాన్‌ఫ్రాన్సిస్కోకు రెండు గంటలు ఎక్కువ. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. కాబట్టి మార్చి రెండో ఆదివారం నుంచి ఆఖరి ఆదివారం దాకా, అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా లండన్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు ఒక్కో ఊరికీ తేదీ చూసి లెక్కవేయాలి.

ఇక అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మాటల్లోనూ అంతే. రాత్రి రెండింటికి జరిగినదాన్ని "నిన్న రాత్రి" అంటాం. టికెట్‌లో రోజు అర్ధరాత్రితో మారుతుంది. 15వ తేదీ 00:40 విమానమంటే 14 సాయంత్రమే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే విమానం పోయి దాదాపు ఒక రోజవుతుంది. గల్ఫ్ విమానాలు చాలావరకు ఇలాంటి వేళల్లోనే ఉంటాయి. టికెట్ కొన్న రోజే దాని మీద "14 శుక్రవారం సాయంత్రం ఇల్లు వదలాలి" అని తెలుగులో పెద్దగా రాసి, ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి.

చేరే సమయం పక్కన "+1" ఉంటే మర్నాడని, "+2" ఉంటే ఎల్లుండని అర్థం. ఈ చిన్న గుర్తును ఫోన్ తెరమీద చాలామంది చూడరు.

ఇంటి గడప నుంచి

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి సుమారు 110 కిలోమీటర్లు. కారులో మామూలు రోజున రెండు గంటలు, రెండున్నర. జాతీయ రహదారి 16 మీద ఆనందపురం దాకా ఇబ్బంది ఉండదు. మధురవాడ, హనుమంతవాక, ఎన్‌ఏడీ దగ్గర సిగ్నళ్లు సమయం తింటాయి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు మధ్య, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది మధ్య ఊళ్లోంచి పోకుండా ఆనందపురం దగ్గర పెందుర్తి బైపాస్ ఎక్కి గోపాలపట్నం వైపు రావడం నయం. కిలోమీటర్లు కొన్ని పెరిగినా ఎంతసేపు పడుతుందో ముందే చెప్పగలం. విజయనగరం నుంచి 60 కిలోమీటర్ల లోపే, గంటన్నర పెట్టుకోండి. పైడితల్లి సిరిమానోత్సవం రోజున, అంటే దసరా తర్వాత వచ్చే మంగళవారం, పట్టణం దాటడానికే గంట కావచ్చు. సంక్రాంతి ముందు వెనక నాతవలస టోల్‌గేట్‌కు, టెక్కలి, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లయితే మడపాం టోల్‌గేట్‌కు కూడా అదనంగా చెరో పావుగంట కలపండి.

బస్సు మిమ్మల్ని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దింపుతుంది, అక్కణ్ణుంచి విమానాశ్రయం ఇంకా పది, పన్నెండు కిలోమీటర్లు. రైలైతే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందని గుర్తుంచుకోండి. ఊళ్లోంచి 13 కిలోమీటర్లు ఆటో, రైలు, మళ్లీ ఆటో; మూడు మార్పులు, పెద్ద సూట్‌కేసులు. అంతర్జాతీయ విమానానికి రైలు మీద ఆధారపడితే మీరనుకున్న రైలు కాక, దానికి ముందు రైలు ఎక్కండి.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లు టికెట్ కొనేముందు భువనేశ్వర్ ధర కూడా చూడాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు సుమారు 240 కిలోమీటర్లు, భువనేశ్వర్‌కు 190–200. అలవాటు కొద్దీ విశాఖకే వెళ్తున్నారు గానీ రోడ్డు మీద దాదాపు గంట ఆదా అవుతుంది.

భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలోనే, అదే రహదారి పక్కన ఉంది. శ్రీకాకుళం నుంచి రోడ్డు దూరం దాదాపు సగానికి తగ్గుతుంది, విజయనగరం నుంచి అరగంట, ముప్పావుగంట. విశాఖలో సిగ్నళ్ల గొడవ ఉండదు. అయితే సర్వీసులు పాత చోటి నుంచి కొత్త చోటికి మారే కాలంలో టికెట్ మీది విమానాశ్రయం పేరు చదవకుండా బయలుదేరితే, రెండింటి మధ్య నగరమంతా అడ్డుంటుంది. డ్రైవర్‌కు "ఎయిర్‌పోర్ట్" అని చెప్పి ఊరుకోకండి, ఏ ఎయిర్‌పోర్టో చెప్పండి.

దేశీయ విమానానికి రెండు గంటల ముందు, అంతర్జాతీయానికి మూడు గంటల ముందు చేరాలి. లగేజీ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. బతిమాలినా సిస్టమ్ తీసుకోదు.

విమానాలు మారే చోట ఒక ప్రశ్న ముఖ్యం: అంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉందా? ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతిదాన్ని చూపించే బాధ్యత సంస్థది, లగేజీ కూడా మామూలుగా తిన్నగా వెళ్తుంది. అప్పుడు హైదరాబాద్‌లో మూడు, నాలుగు గంటలు చాలు. విడివిడి టికెట్లయితే లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలి, తప్పిపోతే కొత్త టికెట్ డబ్బు మీదే. అలాంటప్పుడు అయిదారు గంటలకు తక్కువ పెట్టకండి. విడి టికెట్లలో మిగిలే రెండు, మూడు వేల కోసం లక్ష రూపాయల ప్రయాణాన్ని పణంగా పెట్టడం మంచిది కాదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. అక్కణ్ణుంచి ఇంకో విమానం ఎక్కాలంటే చాలా చోట్ల లగేజీ తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. అక్కడ కూడా మూడు గంటలు ఉంచుకోండి. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే పూర్తవుతుంది కాబట్టి ఆలస్యం అక్కడ ఉంటుంది, దిగిన చోట ఉండదు.

అన్నీ కలిపిన ఒక నమూనా ఇది. వేళలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, అసలు టైమ్‌టేబుల్ కాదు. చలికాలం, శుక్రవారం మధ్యాహ్నం 1:00కు శ్రీకాకుళంలో బయలుదేరారు. 3:30కు విశాఖ విమానాశ్రయం. 5:30 విమానం, 6:45కు హైదరాబాద్. నాలుగు గంటలు ఆగి రాత్రి 10:45కు దుబాయ్ విమానం. నాలుగు గంటల ప్రయాణం. మన సమయం శనివారం తెల్లవారుజాము 2:45, దుబాయ్‌లో 1:15. మూడున్నర గంటలు ఆగి అక్కడి సమయం 4:45కు డల్లాస్ విమానం, అంటే మనకు ఉదయం 6:15. పదహారు గంటలకు దిగారు. మనకు శనివారం రాత్రి 10:15, డల్లాస్‌లో శనివారం ఉదయం 10:45. ఇమిగ్రేషన్, లగేజీ గంటా ముప్పావు. బయటికి వచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం 12:30, ఇక్కడ అర్ధరాత్రి 12:00.

మొత్తం 35 గంటలు. గాల్లో 21 గంటలా పావు, మిగతా 13 గంటలా ముప్పావు నేల మీద. గడియారాల లెక్కలో మాత్రం 23 గంటలన్నర. తిరిగి వచ్చేటప్పుడు ఇది తలకిందులవుతుంది: 33 గంటల్లో వచ్చినా గడియారాల లెక్కలో 44 గంటలన్నర గడుస్తాయి. అందుకే శనివారం మధ్యాహ్నం అక్కడ ఎక్కితే ఆదివారం కాదు, సోమవారం ఉదయం ఇక్కడ దిగుతారు. సోమవారం ఉదయం ఇంట్లో శుభకార్యం పెట్టుకుని శనివారం టికెట్ కొనకండి.

ఏడాదిలో రెండు కాలాలకు ఈ లెక్క మీద అదనంగా ఒక రోజు ఉంచాలి. డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా ఢిల్లీలో పొగమంచు, ఆ నెలల్లో ఢిల్లీ మీదుగా కనెక్షన్ పెట్టుకోకపోవడమే మేలు. రెండోది మన తుపానుల కాలం, అక్టోబరు, నవంబరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం టెర్మినల్‌ను దెబ్బతీసి రోజుల తరబడి సర్వీసులు ఆపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చెట్లు కూలి ఇళ్ల నుంచి రహదారి ఎక్కడమే కష్టమైంది. బంగాళాఖాతంలో వాయుగుండం కబురు వినగానే, హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ విమానం ఉన్నవాళ్లు విశాఖ విమానం కోసం కూర్చోకుండా ఒకరోజు ముందే రైల్లోనో బస్సులోనో హైదరాబాద్ చేరిపోవాలి. అయితే ఒకే పీఎన్ఆర్ ఉన్నవాళ్లు సంస్థకు ఫోన్ చేసి, మొదటి విమానం ఎక్కడం లేదని ముందే మార్పించుకోవాలి. చెప్పకుండా మొదటిది వదిలేస్తే తర్వాతివి కూడా రద్దయిపోతాయి.